ఎదురుకాళ్ల డాక్టరు

మా ముత్తాత పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. నిజాం దర్బారులో ఆయనకు కుర్చీ ఉండేదని మా ఇంట్లో చెప్పుకుంటారు. లేదు, నిలబడే ఉండేవాడని చెప్పేవాళ్లూ మా బంధువులే కానీ, వాళ్లది వేరే శాఖ. మా తాత గడీలో కచేరీ నడిపాడు. గడీ ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవారు. మా నాన్న కాలానికి గడీ ముందు తారు రోడ్డు పడింది, బస్సు వచ్చింది. బస్సులో కూర్చున్నవాళ్లు చెప్పులు విప్పరు. నాన్నకు మిగిలినవి రెండే: తాత తీర్పులు చెప్పిన టేకు కుర్చీ, అందులో నిటారుగా కూర్చునే అలవాటు. నేను ఆ వంశంలో చివరివాణ్ణి. ఒమాన్‌లో, బర్కా ఊరి చివర ఖర్జూరపు తోటల పక్కనున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డాక్టరుని.

ఆ కుర్చీ గురించి కొంచెం చెప్పాలి. చేతుల చివర సింహం తలలు ఉంటాయి. ఒక సింహానికి ముక్కు లేదు. వెనక చెక్క గోడలా నిలువుగా ఉంటుంది. ఆనుకోవడానికి కాక, ఆనుకోకుండా ఉండడానికి చేసినట్టు ఉంటుంది. మా ఇంట్లో పిల్లలకు మొదట నడుము నిలపడం నేర్పేవారు, అక్షరాలు తర్వాత. భూములు పోయాయి, గడీలో సగం కూలింది, మిగతా సగంలో కొన్నాళ్లు ఎరువుల గోదాము నడిచింది. చెక్కుచెదరకుండా మాకు మిగిలింది వెన్నెముకే. నేను దాని మీద చదువుకోవడంలో వింత లేదు.

అమెరికాలో డాక్టర్లు రెండు దారుల్లో తయారవుతారు. ఒకటి అందరికీ తెలిసినదే. రెండోది నేను చదివిన ఆస్టియోపతి. మందులు, పరీక్షలు, ఆపరేషన్లు అన్నీ రెండింటిలో ఒకటే. మాకు అదనంగా చేతులతో కీళ్లు, కండరాలు, వెన్నుపూసలు సర్దే విద్య నేర్పుతారు. ఈ సంగతి నేను కుటుంబంలో జరిగిన ప్రతి పెళ్లిలోనూ వివరించాను. మా మేనత్త ఒకసారి చివరిదాకా ఓపికగా విని, "అంటే పుత్తూరు కట్టు," అంది. "దానికి అమెరికా దాకా ఎందుకు పోయినవ్ బిడ్డా? తిరుపతి బస్సెక్కితే అయిపోతుండె."

చదువు అయ్యాక ఫ్యామిలీ మెడిసినో ఎమర్జెన్సీ మెడిసినో ఎంచుకోవాలి. రెండూ కలిపి నేర్పే శిక్షణ ఒకటి ఉందని తెలిసి అందులో చేరాను. మా వాళ్లెవరూ ఏదీ ఎంచుకున్న పాపాన పోలేదు. గుర్రమా బగ్గీయా అంటే రెండూ. మామిడి తోటా వరి పొలమా అంటే రెండూ. అన్నీ పోయిన తర్వాత పుట్టినా, ఆ గుణం నాకు వచ్చింది. శిక్షణ ముగిసేసరికి వీసా కూడా ముగిసింది. దాని గురించి ఇంకేమీ రాయను. బర్కా ఆసుపత్రి వాళ్లు పిలిచారు, వచ్చాను.

ఇక్కడ రెండు వారాలు ఎమర్జెన్సీలో, రెండు వారాలు ఫ్యామిలీ క్లినిక్‌లో పనిచేసేవాణ్ణి. రెండింటికీ తేడా చెబుతాను. ఎమర్జెన్సీలో నేను నడిచి వస్తుంటే జనం పక్కకు తప్పుకుంటారు. స్ట్రెచర్లు ఆగుతాయి, సిస్టర్లు మాట ఆపుతారు, పేషెంటుతో వచ్చినవాళ్లు చేతులు కట్టుకుంటారు. చెప్పులు ఒక్కటే విప్పరు. ఫ్యామిలీ క్లినిక్‌లో నేను నడిచి వస్తుంటే, "డాక్టర్ ఇంకా రాలేదా?" అని నన్నే అడుగుతారు. అది మందుల షాపు వెనక, ఒకప్పుడు సెలైన్ డబ్బాలు పెట్టుకున్న గది. దగ్గు, బీపీ, కంపెనీకి చూపించే సెలవు చీటీ, ఇవే అక్కడి పని. దగ్గు తగ్గిన మనిషి మళ్లీ వచ్చి, తగ్గిందని చెప్పి పోతాడు. అందుకు కూడా టోకెను తీసుకుంటాడు.

ఆసుపత్రి మెడికల్ డైరెక్టరు ఒక ఒమానీ డాక్టరమ్మ. తక్కువ మాట్లాడుతుంది. ఎంత చేదు సంగతైనా ముందు ఖర్జూరాల పళ్లెం ముందుకు జరిపి, వాళ్ల కాఫీ కహ్వా పోసి, తర్వాతే చెబుతుంది. ఒక ఆదివారం పొద్దున నన్ను పిలిచి పళ్లెం జరిపింది. ఎమర్జెన్సీ పెద్ద డాక్టరు తన దేశానికి వెళ్లిపోతున్నాడట. ఇకమీదట ఒక్కో డాక్టరుకు ఒక్కటే విభాగమట. ఎమర్జెన్సీ పెద్దగా ఉంటావా, క్లినిక్‌లో ఉంటావా, గురువారం కల్లా చెప్పమంది.

చెప్పడానికి గురువారం దాకా ఎందుకు? ఎమర్జెన్సీ పెద్దకు సొంత గది ఉంది. దానికి కిటికీ, కిటికీలోంచి తోటలు. ఆ గదిని చూసినప్పుడల్లా బల్ల వెనక ఏ కుర్చీ ఉండాలో నా కళ్లకు కడుతుండేది. కహ్వా గుటక దిగకముందే చెప్పేస్తే మర్యాద కాదని ఊరుకున్నాను గానీ, మధ్యాహ్నం కరీంనగర్‌కు ఫోను చేసి తాత కుర్చీని కార్గోలో పంపించమని అమ్మతో చెప్పాను. అమ్మ ఉండేది చిన్న ఫ్లాటులో. హాల్లో సగం ఆ కుర్చీదే. ఆరిన బట్టలు దాని మీదే వేస్తుంది.

"పంపిస్త," అంది అమ్మ. "హాల్ల నడువనీకి జర జాగ దొరుకుతది."

ఆ సాయంత్రం ఎమర్జెన్సీకి ఒక తెలుగు మేస్త్రీని తెచ్చారు. పక్క సైట్‌లో పనిచేస్తున్నాడట. ఇటుకలు దించుతుంటే నడుము పట్టేసింది. అంబులెన్సుకు చెప్పే ఆలోచన రాక, నలుగురు కలిసి సెంట్రింగ్ చెక్క మీద పడుకోబెట్టి, పికప్‌లో వేసుకుని వచ్చారు. యాభై దాటిన మనిషి, తల నెరిసింది. నొప్పికి కదల్లేకపోతున్నా, చెక్కను జాగ్రత్తగా గోడకు ఆనించమని, అది కంపెనీదని మోసుకొచ్చినవాళ్లకు చెబుతున్నాడు.

కాళ్లలో తిమ్మిరి ఉందా, బలం తగ్గిందా, మూత్రం ఆగిందా అని వరుసగా అడిగాను. ఏదీ లేదు. కాళ్లు ఎత్తించి చూశాను, సుత్తితో తట్టి చూశాను. నరాలకు ముప్పు లేదు. బీపీ మాత్రం ఎక్కువుంది. నొప్పి వల్ల కావచ్చు, కాకపోనూ వచ్చు. క్లినిక్‌కు వచ్చి మళ్లీ చూపించుకోమన్నాను. ఇంతవరకు చేసి, ఒక ఇంజెక్షను ఇచ్చి పంపితే ఎమర్జెన్సీ డాక్టరుగా నా పని అయిపోయినట్టే. కానీ బిగుసుకున్న ఆ నడుము మీద చెయ్యి పెట్టాక, చేతులు ఊరుకోలేదు.

తెర లాగి, కండరాలను కాసేపు మెత్తబరిచాను. పక్కకు తిప్పి పడుకోబెట్టాను. పైకాలు మడిచి, దాని మీద నా కాలు ఆనించి, చేతులతో నడుమును తిప్పుతూ, నా కాలితో ఒక్క చిన్న ఊపు ఇచ్చాను. టక్‌మంది. మేస్త్రీ "అబ్బ" అన్నాడు. కాసేపటికి మెల్లగా లేచి నిలబడ్డాడు. రెండడుగులు వేశాడు. ఆ తర్వాత చెక్క దగ్గరకు నడిచి వెళ్లి, అది ఎక్కడైనా గీసుకుపోయిందేమో చూశాడు.

అక్కడ జరిగింది ఇంతే. అయితే ఎమర్జెన్సీ తెరలు నేల దాకా ఉండవు. బయట కూర్చున్న ఆ నలుగురికి కింద నా రెండు పాదాలు కనబడుతున్నాయి. ఉన్నట్టుండి ఒక పాదం నేల మీంచి లేచింది, టక్‌మంది, లోపల మనిషి "అబ్బ" అన్నాడు, పాదం మళ్లీ నేలకు వచ్చింది. ఆ వెంటనే, చెక్క మీద వచ్చిన మనిషి నడుచుకుంటూ బయటికొచ్చాడు.

మా వైపు ఒక నమ్మకం ఉంది. తలకు బదులు కాళ్లు ముందుగా పుట్టినవాళ్లు తంతే నడుము పట్టు వదులుతుందంటారు. వాడకు అలాంటివాడు ఒకడైనా ఉంటాడు. పొద్దున్నే గుమ్మం ముందు నడుము పట్టుకుని ఎవరో ఒకరు నిలబడతారు, అతను పళ్లు తోముకుంటూనే వచ్చి ఒక తన్ను తన్ని పోతాడు. ఇందులో పరువు తక్కువేమీ లేదు. డబ్బు తీసుకోకూడదు.

మేస్త్రీ వెళ్తూ వెళ్తూ ఆగాడు. "సార్, మీరు ఎదురుకాళ్లతోని పుట్టిండ్రా?"

నేను నడుము ఇంకాస్త నిలిపి, తను చూసింది వైద్యమని, దానికి చాలా ఏళ్ల చదువు ఉందని వివరించాను. శ్రద్ధగా విన్నాడు. తర్వాత మాది ఏ ఊరని అడిగాడు. చెప్పాను. అతనిది మా పక్క ఊరు, ముత్తాత పన్నెండు ఊళ్లలో ఒకటి. ఒక్కసారి నన్ను పై నుంచి కిందికి చూశాడు. పాదాల దగ్గర కాసేపు ఆగాడు.

"గడీ దొరల బిడ్డవా?"

అవునన్నాను. గడీ పేరు వినబడి చాలా కాలమైంది, కొంచెం గర్వంగానే అన్నాను.

"మా తాతను మీ తాత తన్నిండు సార్," అన్నాడు మేస్త్రీ. అందులో కోపం లేదు, వాన పడింది అన్నట్టు చెప్పాడు. "గని అప్పుడు మా తాత నడుం మంచిగనే ఉండె."

చెక్కను ఆ నలుగురితో మోయించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగిన కంపెనీ బస్సు తిన్నగా రూమ్‌లకు పోకుండా మా ఎమర్జెన్సీ ముందు ఆగింది. జగిత్యాల, నిర్మల్, కామారెడ్డి వైపు మనుషులు, ఒక చేత్తో నడుము పట్టుకుని, ఒక చేత్తో బతాకా అనే గుర్తింపు కార్డు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. బస్సు డ్రైవరు పఠాను. అతనూ దిగి వెనక నిలబడ్డాడు. ఎదురుకాళ్ల సంగతి అతనికి ఎవరు ఏ భాషలో చెప్పారో నాకు తెలియదు గానీ, అతని వంతు వచ్చినప్పుడు వేలు ఒకటి చూపించి, "ఒక్కటే లాత్, డాక్టర్ సాబ్," అని చాలా మర్యాదగా అడిగాడు.

వాళ్లకు ఎన్ని విధాల చెప్పానో. ఇది తన్నడం కాదన్నాను. తెర తీసేసి, కాలు ఎక్కడ పెడతానో, ఎందుకు పెడతానో చేసి చూపించాను. అందరూ తలలు ఊపారు. అర్థమైందన్నారు. వెంటనే ముందున్నవాడు బోర్లా పడుకుని, "జర గట్టిగ కానియ్యుండ్రి," అన్నాడు.

పైగా అందరి నడుమూ ఒకటి కాదు. కొందరికి చేత్తో సర్దితే పోతుంది, కొందరికి మాత్రలు, విశ్రాంతి ఇవ్వాలి. ఒకతనికి కాలి నరం మీద అనుమానం వచ్చి, చెయ్యి వేయకుండా మాత్రలు రాసి, స్కానింగ్ చేయించమన్నాను. అతను చీటీ పట్టుకుని నిలబడిపోయాడు. పక్కవాణ్ణి చూపించి, "వానికి తన్ను, నాకు గోలీలా సార్? నేనేం పాపం జేసిన?" అన్నాడు.

మా తాతలు ఎవరూ అడగకుండానే తన్నారు. నన్ను లైను కట్టి అడుగుతున్నారు, నేను కుదరదంటున్నాను. మా వంశ చరిత్రలో ఈ పరిస్థితి కొత్తది.

ఆ రోజు ఇంటికి వెళ్లి అమ్మకు ఫోను చేశాను. కార్గోవాళ్లు వచ్చి కుర్చీ కొలతలు తీసుకున్నారని చెప్పింది. మాటల మధ్యలో, ఏదో పనిలేక అడిగినట్టు, నేను పుట్టినప్పుడు కాళ్లు ముందు వచ్చానా అని అడిగాను.

"కాళ్లా?" అంది అమ్మ. "నువ్వు అటూ గాదు ఇటూ గాదు. అడ్డంగ పండుకున్నవ్. తల దిక్కు రావాల్నా కాళ్ల దిక్కు రావాల్నా తేల్చుకోక, ఒక పూటంత నన్ను తిప్పలబెట్టినవ్. ఆఖరికి డాక్టరమ్మ కోసి తీసింది."

ఇక ఆ విషయం ఎవరితోనూ ఎత్తలేదు.

మంగళవారం సాయంత్రం లైను ఇంకా పెరిగింది. బర్కా తోటల వాళ్లు కూడా వచ్చారు. లైను గుమ్మం దాకా ఉండగా, ఖర్జూరపు చెట్టు మీంచి పడిన తోట పనివాణ్ణి తెచ్చారు. నా లైనంతా ఒక్క క్షణంలో గోడకు అతుక్కుపోయి దారి ఇచ్చింది. కొందరు స్ట్రెచరు మీద చెయ్యి వేసి తోశారు కూడా. అతనికి భుజం విరిగింది తప్ప ప్రమాదం లేదు, అన్నీ సమయానికి జరిగాయి. కానీ సిస్టరుకు ఓపిక అయిపోయింది. కేరళ ఆమె, ఎమర్జెన్సీలో ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చేది ఆమే. ఎడమ వైపు రోగులు, కుడి వైపు తన్ను కేసులు అని గుమ్మం దగ్గరే విడగొట్టడం మొదలుపెట్టింది. తన్ను అనే మాటను తెలుగులోనే అనేది. అదే సమయానికి డైరెక్టరమ్మ అటు వచ్చింది.

మళ్లీ ఖర్జూరాలు. ఎమర్జెన్సీలో నడవగలిగినవాళ్ల లైను ఉందని, క్లినిక్‌లో మనుషులే లేరని, ఇంతకాలం పనిచేసినా ఈ విచిత్రం చూడలేదని అంది. గురువారం దాకా నన్ను క్లినిక్‌లో కూర్చోమంది. ఎమర్జెన్సీ పెద్దనైతే మాత్రం నడుముల జోలికి పోకూడదట. ప్రాణానికి ముప్పు ఉందో లేదో చూడాలి, నొప్పికి సూది వేయాలి, పంపించాలి. న్యాయమైన మాటే. సరేనన్నాను. ఆ గదికి కిటికీ ఉంది.

బుధవారం పొద్దునంతా సెలైన్ డబ్బాల గదిలో నిటారుగా కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఇక్కడికి రావాలంటే టోకెను కావాలి, పగటి డ్యూటీ వదులుకోవాలి. ఎదురుకాళ్ల డాక్టరును ఎక్కడో మూల పడేశారని బస్సుల్లో అనుకున్నారని తర్వాత తెలిసింది. ఒక దగ్గు, ఒక సెలవు చీటీ, అంతే. రేపు చెప్పబోయే జవాబును మనసులో ఇంగ్లీషులో సర్దుకుంటున్నాను.

మధ్యాహ్నం ముందు తలుపు తట్టి మేస్త్రీ వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కూర్చోమంటే కూర్చున్నాడు, నడుము నిలిపి. మా ఇంట్లో అయితే నిలబడేవాడని, నేను "నువ్వు" అనేవాణ్ణని ఇద్దరికీ తెలుసు. ఆసుపత్రిలో అందరూ మీరే.

"ఏమైంది, మళ్లీ పట్టిందా?" అన్నాను.

"లే సార్. మంచిగుంది."

"మరి?"

"ఏం లే. ఊకెనే వచ్చిన."

ఊరికే వచ్చాడు. టోకెను తీసుకుని, సగం రోజు డ్యూటీ పోగొట్టుకుని. ఏమీ తోచక బీపీ చూశాను. నొప్పి లేకపోయినా ఎక్కువే ఉంది. దాని గురించి చెప్పాను, విన్నాడు. ఊరి సంగతులు కాస్త చెప్పాడు. గడీ గోదాములో వాళ్ల అన్న కొన్నాళ్లు మూటలు మోశాడట, లోపల ఎండాకాలం చల్లగా ఉండేదట. మంచి కట్టడమన్నాడు. మేస్త్రీ మాట కాబట్టి సంతోషించాను. తర్వాత లేచి, తలుపు దాకా వెళ్లి, గొళ్లెం మీద చెయ్యి వేసి, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"సార్, రాత్రంత ఒంటేలుకు లేసుడే అయితుంది. నీళ్లు ఎన్ని తాగినా నోరు ఎండుతుంది. అది షుగరా?"

శిక్షణలో మాకు ఇది చెప్పారు. ఫ్యామిలీ డాక్టరు దగ్గరకు మనిషి దేనికోసం వచ్చాడో తలుపు దగ్గరికి వెళ్లాక గానీ చెప్పడు, అంతదాకా కూర్చోనివ్వడమే ఆ విద్య అని. అప్పుడు అది విద్యలా అనిపించలేదు. మళ్లీ కూర్చోబెట్టి వేలికి సూది గుచ్చి చూశాను. షుగరే, బాగా ఎక్కువ. ఊళ్లో భార్యకు చెప్పవద్దన్నాడు. చెప్పడానికి ఆమె నంబరు నా దగ్గర లేదన్నాను. అది నిజమేనని ఒప్పుకున్నాడు. మందులు రాశాను, తిండి సంగతి చెప్పాను, రక్తపరీక్షకు పంపాను. ఇది ఒక రోజుతో పోయేది కాదు, వస్తూనే ఉండాలన్నాను.

"వస్త," అన్నాడు మేస్త్రీ. "మీరు ఈడనే ఉంటరా, ఆ లొల్లి కాడికి పోతరా?"

గడీకి మనుషులు వచ్చేవారు. మా తాత కచేరీ రోజున ఆవరణ నిండేదని చెప్పుకుంటాం. కానీ వాళ్లంతా పిలిస్తే వచ్చినవాళ్లు, తెస్తే వచ్చినవాళ్లు. తాత దగ్గరకు గానీ, ముత్తాత దగ్గరకు గానీ ఎవడైనా ఊరికే వచ్చాడని ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఒకసారి వచ్చినవాడు తనంతట తాను రెండోసారి వచ్చాడనీ వినలేదు. ఎమర్జెన్సీలో రెండోసారి వచ్చాడంటే మనం ఏదో తప్పు చేసినట్టు. పన్నెండు ఊళ్ల దేశ్‌ముఖ్‌కు లేని హోదా ఒకటి, సెలైన్ డబ్బాల గదిలో నాకు దొరికింది. దాన్ని వదులుకునేంత తెలివితక్కువ వంశం కాదు మాది.

"ఉంటాను," అన్నాను. ఇంగ్లీషులో సర్దుకున్న జవాబంతా అలాగే ఉండిపోయింది.

గురువారం డైరెక్టరమ్మతో చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. క్లినిక్‌లో నడుములు చూసుకోవచ్చట. అయితే దానికి కావలసిన ప్రత్యేకమైన బల్లకు ఈ ఏడాది బడ్జెట్‌లో చోటు లేదట. కావాలంటే నన్నే తెచ్చుకోమని, ఇంకో ఖర్జూరం తీసుకోమంది.

కుర్చీ పంపవద్దని అమ్మకు ఫోను చేశాను. కార్గోవాళ్ల కోసం దాన్ని అప్పుడే బయట వరండాలో పెట్టించానని, హాల్లో నడవడానికి అలవాటు పడ్డానని, ఇక దాన్ని మళ్లీ లోపలికి రానివ్వనని అంది. తాత కూర్చున్న కుర్చీ అని గుర్తుచేశాను. తాత అందులోంచి లేచి చాలా కాలమైందంది.

బల్ల వచ్చింది. ఎత్తు తగ్గించవచ్చు, పెంచవచ్చు. మేస్త్రీ వచ్చినప్పుడల్లా దాన్ని తట్టి, కాళ్లు గట్టిగా ఉన్నాయో లేదో చూస్తాడు. బస్సులవాళ్లు టోకెన్లు తీసుకుంటున్నారు. తన్నుతారా అని అడిగినవాళ్లకు ఇప్పుడు ఏమీ వివరించను, పక్కకు తిరిగి పడుకోమంటాను.

ఆ బల్ల ఖర్చుకు, కచేరీ కుర్చీని కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాలువాళ్లకు అమ్మేశాం.